చిలక్కి చెప్పినట్టు చెప్పడం ఎలా?

కొడుకు చదవకపోయినా, కౌలు రైతు మక్తా తేకపోయినా, "చిలక్కి చెప్పినట్టు చెప్పానండీ, వింటేనా!" అనేస్తాం. అలా అనేవాళ్లలో నిజంగా ఓ చిలకని ఎదురుగా పెట్టుకుని చెప్పి చూసినవాళ్లు ఎంతమందో గానీ, నేను చూశాను. చిలక్కి మాట రావడం పెద్ద విశేషమేం కాదు. మా పిట్టకి కుక్కరు నేర్పింది, సెల్‌ఫోను నేర్పింది, వీధిలో చేపలమ్మే మనిషి నేర్పింది. వచ్చిన మాటని మనం అడిగినప్పుడు అనిపించడం, అడగనప్పుడు ఊరుకోబెట్టడం, అసలు కష్టం అక్కడుంది.

ఈ తేడా నాకు ఓ సంక్రాంతికి తెలిసొచ్చింది. మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఇల్లు. భీమవరం నుంచి మా బావగారు, అక్క, పిల్లలు పండక్కి వచ్చారు. మా పిట్ట కిట్టు మాట్లాడతాడని ఫోన్లో అప్పటికే డప్పు కొట్టి ఉన్నాను. భోగి నుంచి కనుమ దాకా పిల్లలు పంజరం ముందు కూర్చుని "చెప్పు, చెప్పు" అంటూనే ఉన్నారు. వాడు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ముక్కనుమ నాడు వాళ్ల కారు సందు మలుపు తిరిగిందో లేదో, "కిట్టు, కిట్టు, కిట్టు" అని అందుకున్నాడు. ఆ రోజునుంచి పద్ధతి మార్చాను. ఇక్కడ రాసేది ఆ మార్చిన పద్ధతి.

ముందుగా, ఏ చిలక?

మన కొబ్బరితోటల మీదుగా కీచుమంటూ పోయే రామచిలక కాదు. మా తాతగారి కాలంలో తాటిమాను తొర్రలోంచి పిల్లని దింపి జామపండు పెట్టి పెంచేవారు. ఇప్పుడది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం అన్నీ తప్పే. జైలూ ఉంది, జరిమానా కూడా ఉంది. సంతలో ఎవరైనా గంప కింద దాచి చూపిస్తే జాలిపడి కొనకండి. మీరు కొంటే వాడు ఇంకో తొర్ర వెతుక్కుంటాడు. గాలివానకి చెట్టు పడి పిల్ల దొరికితే అటవీశాఖ వాళ్లకి చెప్పండి.

పెంచుకోవడానికి తేలికైనది బడ్జీ. అంటే మన ఊళ్లలో "లవ్ బర్డ్స్" అని అమ్మే పచ్చ, నీలం, పసుపు చిన్న పిట్టలు. వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. అసలు లవ్ బర్డ్స్ వేరే జాతి, ఆఫ్రికావి, అవి మాట్లాడడం చాలా అరుదు. ఇంత చిన్న పిట్టేం మాట్లాడుతుందిలే అనుకోకండి. అమెరికాలో పక్ అనే బడ్జీ 1,728 మాటలతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. కాకటీల్ అయితే మాటకంటే ఈల బాగా వేస్తుంది. క్వేకర్, ఆఫ్రికన్ గ్రే అనే విదేశీ చిలకలు మరింత స్పష్టంగా పలుకుతాయి గానీ వాటికి కాగితాలు ఉండాలి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి విదేశీ జాతుల్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయించుకోవాలి. అమ్మేవాడు "కాగితాలెందుకండీ" అంటే లేచి వచ్చేయండి.

బడ్జీల్లో మగదే బాగా మాట్లాడుతుంది. ముక్కుపైన చిన్న కండ ఉంటుంది చూడండి. పెద్దయిన మగదానికి అది నీలంగా ఉంటుంది, ఆడదానికి గోధుమరంగుగానో పాలిపోయినట్టో ఉంటుంది. పూర్తి పసుపు, పూర్తి తెలుపు పిట్టల్లో మాత్రం మగదానికీ లేత వంకాయరంగులోనే ఉండిపోతుంది, కాబట్టి వాటి దగ్గర ఈ గుర్తు పనిచేయదు. తలమీద చారలు ముక్కుదాకా ఉంటే లేతపిట్ట అని లెక్క. మూడు నాలుగు నెలలకి ఈకలు మార్చుకున్నాక నుదురు నున్నగా అయిపోతుంది. చారలున్న పిట్టని తెచ్చుకోండి. ఒక్కదాన్నే తెచ్చుకోండి. జంటగా తెస్తే వాటి కబుర్లు వాటికి సరిపోతాయి, మనతో పనుండదు. అలాగని ఒంటి పిట్టని పంజరంలో పడేసి ఊరెళ్లేవాళ్లు దయచేసి ఈ పనికి దిగకండి. అది గుంపులో బతికే ప్రాణి. గుంపు లేకుండా చేశాం కాబట్టి ఆ గుంపు మనమే అవ్వాలి.

ఆ మాటలో ఈ విద్య గుట్టంతా ఉంది. గుంపులో కలిసిన కొత్త బడ్జీ కొన్ని వారాల్లో తన పిలుపుని తోటి పిట్టల పిలుపుతో కలిపేసుకుంటుంది. "నేనూ మీవాణ్నే" అని చెప్పుకోవడానికి. మనింట్లో తోటి పిట్టలు మనమే కదా, మన పిలుపు ఏదైతే దాన్ని పట్టుకుంటుంది. గొంతులో మనలాంటి స్వరపేటిక దానికి లేదు. శ్వాసనాళం రెండుగా చీలేచోట శబ్దిని అనే అవయవం ఉంటుంది, దాంతోనే ఈ తతంగమంతా నడుస్తుంది.

పంజరం ఎక్కడ పెట్టాలి

మనుషులు మసలే హాల్లో, ఒకవైపు గోడ ఉండేలా, మీ కళ్లెత్తున. వరండాలో వద్దు. మా వైపు పిల్లులు, ఎలకలు, కొబ్బరిచెట్ల మీంచి చూసే కాకులు తక్కువేం కాదు. వంటింట్లో అసలే వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకి తలనొప్పి, పిట్టకి చావు. కాలవ పక్క ఇళ్లలో సాయంత్రమయ్యేసరికి దోమల బిళ్లలు, చుట్టలు వెలిగిస్తాం కదా, పిట్ట ఉన్న గదిలో అవి కూడా మానేయండి, దోమతెర వేయండి. పంజరం కనీసం రెండడుగుల వెడల్పు ఉండాలి, ఊచల మధ్య సందు అరంగుళం దాటకూడదు. కూర్చోడానికి నున్నటి ప్లాస్టిక్ కడ్డీ కంటే జామకొమ్మ మేలు, కాళ్లకి మంచిది, పైగా బెరడు కొరుక్కుంటూ కాలక్షేపం చేస్తుంది. రాత్రి పది పన్నెండు గంటల నిద్ర కావాలి. టీవీ సీరియళ్లు చూసే ఇల్లయితే ఎనిమిదింటికల్లా గుడ్డ కప్పి పక్కగదిలోకి మార్చండి. నిద్ర చాలని పిట్ట పొద్దున్న చిరాగ్గా ఉంటుంది, పాఠం ఎక్కదు.

బయటికి వదిలేముందు సీలింగ్ ఫ్యాను ఆపి, స్విచ్చి మీద చిన్న అట్టముక్క అంటించండి. మే నెలలో చుట్టాలొచ్చి అలవాటుగా ఫ్యాను వేసేస్తారు. ఇంకేం చెప్పను.

మచ్చిక

మొదటి వారం మాట మాటెత్తకండి. పంజరం దగ్గర కూర్చుని పేపరు చదువుకోండి, చిక్కుడుకాయలు ఒలుచుకోండి. రెండో వారం ఊచల్లోంచి కొర్ర కంకి అందించండి. ఇదే మీ జీతం బత్తెం, దీన్ని మామూలు తిండిలో కలపకండి. ఎప్పుడూ దొరికేదానికి ఎవరు పని చేస్తారు? మా అమ్మ ముచ్చటపడి, గుమ్మానికి పిచ్చుకల కోసం కట్టే ధాన్యపు కుచ్చులాంటిది ఒకటి పంజరానికి కట్టింది. చూడ్డానికి ఎంత బాగుందో. ఆ వారమంతా కిట్టు నా చేతివైపు కన్నెత్తి చూడలేదు. (చేలోంచి తెచ్చిన కంకులకి పురుగుమందు ఎప్పుడు కొట్టారో కూడా చూసుకోవాలి.)

కంకి చేతిలో పెట్టుకుని పంజరం తలుపు తీసి, చెయ్యి కదపకుండా ఉంచండి. అది వచ్చి తినాలి, మీరు వెంటబడకూడదు. చేతిమీదెక్కి తినేదాకా ఆగండి. కొన్నిటికి పది రోజులు, కొన్నిటికి నెల. మామూలు తిండిగా కొర్రలు, సజ్జలు, కొద్దిగా వడ్లు, తోటకూర, మునగాకు, జామముక్క పెట్టవచ్చు. అవకాడో, చాక్లెట్, టీ కాఫీలు, ఉల్లిపాయ, ఉప్పు జంతికలు పెట్టకూడదు. మీ పెదాల మీంచి తినిపించే వేషాలు వద్దు, మన ఉమ్మి దానికి పడదు. రెట్టలు తీశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, చిలకల నుంచి మనుషులకి వచ్చే సిట్టకోసిస్ అనే జ్వరం ఒకటుంది.

ఏ మాట?

నేను గోదావరి అభిమానంతో మొదట "ఆయ్" నేర్పబోయాను. ఎవరు పిలిచినా "ఆయ్" అంటే ఎంత ముచ్చటగా ఉంటుంది! తీరా చూస్తే అది మాట అంటోందా, మామూలుగా కూస్తోందా తెలిసి చావలేదు. మాటకి గట్టి అక్షరం ఉండాలి. క, ట, ప, బ, చ లాంటివి. కిట్టు, పప్పు, తాత, బాబు, టాటా, ఇవన్నీ మొదటి మాటకి పనికొస్తాయి. రెండక్షరాలు చాలు. పేరు అయితే మరీ మంచిది, ఇంట్లో అందరూ రోజూ అంటూనే ఉంటారు. బడ్జీ చాలా వేగంగా, చిన్నగా, గొణిగినట్టు పలుకుతుంది. గట్టి అక్షరం లేకపోతే ఆ గొణుగుడులో మాట ఆనవాలు దొరకదు.

ఎంచుకున్న మాట ఏదైనా, పాతికేళ్లు కాకపోయినా ఓ ఏడెనిమిదేళ్లు వినాల్సింది మీరే. బూతు నేర్పి నవ్వుకుందామనుకునే కుర్రాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

మాట పెట్టడం

పొద్దున్న గుడ్డ తీసినప్పుడు, సాయంత్రం దీపాలవేళ. ఆ రెండు పూటలా పిట్టలు సహజంగా ఎక్కువ కూస్తాయి. పూటకి పది నిమిషాలు మించొద్దు. ముఖం దగ్గరగా పెట్టి, ఒకే రాగంలో, కాస్త హుషారుగా "కిట్టు" అనండి. ఆగండి. మళ్లీ అనండి. గాయత్రి జపంలా ఏకధాటిగా అనకండి, మధ్యలో ఖాళీ ఉంటేనే అది నోరు తెరుస్తుంది. గదిలోకి వచ్చినప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి అనండి, ఎందుకంటే గుంపు పిలుపు వాడేది సరిగ్గా అప్పుడే.

రికార్డు చేసి ఫోను పంజరం పక్కన పెట్టి పొలం పోదామని నాకూ బుద్ధి పుట్టింది. రెండు వారాలు పెట్టాను. వాడికి ఫోను చార్జింగు పెట్టినప్పుడు వచ్చే "టుడుంగ్" వచ్చింది. ఎందుకో తర్వాత అర్థమైంది. రికార్డు మోగితే ఇంట్లో ఎవరూ కదలరు. చార్జరు పెట్టినప్పుడు మాత్రం ఓ మనిషి పంజరం దాకా వచ్చి వెళ్తాడు. చిలక పట్టుకునేది తరచుగా వినపడే శబ్దాన్ని కాదు, ఇల్లు కదిలే శబ్దాన్ని.

దీనికి పెద్ద రుజువు మా చేపలమ్మాయి. రోజూ ఏడు గంటలకి తట్టతో సందులోకి వచ్చి "చేపలమ్మా... చేపలూ" అని పిలుస్తుంది. అంతే, మా అమ్మ గిన్నె పట్టుకుని లేస్తుంది, మా ఆవిడ చిల్లర కోసం, మా అమ్మాయి పిల్లిని అదిలించడానికి. ఇంత సందడి చేసే మంత్రం ఇంకోటి ఉందా? ఎవరూ నేర్పకుండానే రెండు నెలల్లో కిట్టుకి అచ్చం ఆమె సాగదీతతో సహా వచ్చేసింది. ఓ మధ్యాహ్నం మా అమ్మ గిన్నెతో గేటు దాకా వెళ్లి, ఖాళీ సందు చూసి వచ్చింది.

అందుకే మీ మాటకి కూడా సందడి కల్పించండి. మేం ఇంట్లో ఇద్దరం ఆడిన ఆట ఒకటుంది. నేను కంకి పట్టుకుని మా అమ్మాయిని "మీ పేరేంటండీ?" అంటాను. అది "కిట్టు!" అంటుంది. "ఆహా" అని కంకి దానికిస్తాను. పైన కూర్చున్న పిట్ట మెడ సాచి చూస్తుంది, తనకి రావాల్సింది ఎవరో పట్టుకుపోతున్నారని. మేం కనిపెట్టింది కాదిది. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త అలెక్స్ అనే ఆఫ్రికన్ గ్రే చిలక్కి ఇలాగే ఒక మనిషిని పోటీకి పెట్టి నేర్పారు. 2007లో చనిపోయేనాటికి అలెక్స్ వస్తువుల పేర్లు, రంగులు, ఆకారాలు, చిన్న లెక్కలు అడిగితే చెప్పేది.

ఎన్నాళ్లు? మా వాడికి పదకొండు వారాలు. ఆర్నెల్లు పట్టినవీ ఉంటాయి, ఎప్పటికీ పలకనివీ ఉంటాయి. ముందుగా గొణుగుడు వస్తుంది. సాయంత్రం కళ్లు సగం మూసుకుని, తనలో తాను సణుగుతున్నట్టు. అందులో మీ మాట ముక్క వినపడుతుంది. అప్పుడు మీదపడి "మళ్లీ అను" అనకండి, సాధన చేసుకోనివ్వండి. తప్పుగా పలికినప్పుడు ఘొల్లున నవ్వితే ఆ తప్పే ఖాయమైపోతుంది.

టిక్కు

మాట గొణుగుడు దాటి బయటపడ్డాక అసలు పాఠం మొదలవుతుంది. ఒక బాల్‌పెన్ను తీసుకోండి, నొక్కితే టిక్కుమనేది. పిట్ట ఎదురుగా టిక్కుమనిపించి వెంటనే కంకిలోంచి రెండు గింజలు ఇవ్వండి. పూటకి పదిసార్లు, రెండు మూడు రోజులు. టిక్కు వినగానే చేతివైపు చూసిందంటే ఆ శబ్దానికి విలువ వచ్చినట్టు.

పెన్నెందుకంటే, పిట్ట మాట అన్నది ఇప్పుడు, మనం గింజ తీసి అందించేది మూడు సెకన్ల తర్వాత. ఆ మూడు సెకన్లలో అది మాట అని, ఈక దువ్వుకుని, పక్కకి జరిగి ఉంటుంది. గింజ దేనికిచ్చామో దానికెలా తెలుస్తుంది? పక్కకి జరిగినందుకే అనుకుంటుంది. టిక్కు ఆ క్షణాన్ని సంతకం పెట్టి ఉంచుతుంది, గింజ వెనకాల వచ్చినా ఫరవాలేదు. ఇక ఎప్పుడు "కిట్టు" అన్నా, మీరు టిక్కు, తర్వాత గింజ. మూడు నాలుగు రోజుల్లో వాడు మీ మొహం చూసి మరీ అంటాడు.

అడగడం

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు, కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

ముందు ప్రశ్న నిర్ణయించుకోండి. పొట్టిగా, ఎప్పుడూ ఒకేలా ఉండాలి. నేర్పించాల్సిన మాట అందులో ఉండకూడదు. "కిట్టూ, పేరు చెప్పు" అని అడిగితే జవాబు మీరే చెప్పేశారు. నేను "పేరండీ?" అని పెట్టుకున్నాను. పిట్టకి "అండీ" ఏమిటని బావగారు వెక్కిరించారు గానీ, మనవైపు నోరు తిరిగేదే అలా. నోటితోపాటు అరచెయ్యి పైకి తిప్పి చూపండి. పిట్టలకి చూపు చురుకు. పక్కూళ్లో తీర్థం జరిగి మైకులు మోగుతున్నప్పుడు ఆ చెయ్యే అక్కరకొస్తుంది.

పిట్ట మాట అనబోయే క్షణాన్ని కనిపెట్టాలి. కొమ్మ చివరికి జరుగుతుంది, తల రెండుసార్లు ఊపుతుంది, గొంతు కింద ఈకలు ఉబ్బుతాయి, పెద్దయిన పిట్టయితే కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతుంది. సరిగ్గా అప్పుడు "పేరండీ?" అనండి. వాడు ఎలాగూ అనబోయేవాడే, అంటాడు. టిక్కు, గింజ. మోసంలా ఉంటుంది గానీ వాడి లెక్కలో ప్రశ్న తర్వాత మాట, మాట తర్వాత గింజ అనే వరస పడుతుంది. వారం పాటు ఇంతే, రోజుకి పదీ పదిహేను సార్లు.

తర్వాత మనసు రాయి చేసుకోవాలి. అడగకుండా అన్న మాటకి జీతం బంద్. టిక్కు లేదు, గింజ లేదు, చూపు కూడా లేదు. వాడు నమ్మడు. "కిట్టు" అంటాడు. "కిట్టు కిట్టు" అంటాడు. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. ఈ అరుపు రెండు మూడు రోజులు పెరిగి తర్వాతే తగ్గుతుంది. పెరిగినప్పుడు తట్టుకోలేక ఒక్క గింజ ఇచ్చారో, గట్టిగా అరిస్తే ఇస్తారని నేర్పినట్టే. మా ఇంట్లో ఆ గింజ ఇచ్చింది మా అమ్మ. "నోరు ఎండిపోతోందిరా పాపం" అని. దాంతో మొదటికొచ్చింది. ఈ మూడు రోజులూ ఇంట్లో అందరితో ముందే ఒప్పందం చేసుకోండి, ముఖ్యంగా జాలిగుండెలతో. వాడు ఊరుకున్న ఓ నాలుగు సెకన్లు చూసి అడగండి, అంటే ఇవ్వండి. అడిగితేనే లాభం అని అప్పుడు బోధపడుతుంది.

ఒకసారే అడగాలి. అడిగి, మనసులో అయిదు లెక్కపెట్టండి. అనకపోతే అటు తిరిగి అర నిమిషం వేరే పని చూసుకుని, మళ్లీ వచ్చి అడగండి. "పేరండీ? పేరు! పేరు చెప్పరా! చెప్పమ్మా, మా నాన్నవి కదూ!" అంటే అవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. నాలుగోసారికి అంటే, నాలుగుసార్లు అడిగితే అనాలని నేర్చుకుంటాడు. సంక్రాంతికి పిల్లలు చేసింది అదే.

నేను గోడమీద క్యాలెండరులో లెక్క రాసేవాణ్ని. పదిసార్లు అడిగితే ఎనిమిదిసార్లు అన్నాడంటే మాట కుదిరినట్టు. ఆ తర్వాత ప్రతిసారీ గింజ అక్కర్లేదు, ఒకసారి ఇచ్చి, ఒకసారి మెడ గోకి, ఒకసారి ఉత్త "భేష్" అనవచ్చు. ఎప్పుడిస్తారో తెలియనప్పుడే వాడికి పట్టుదల ఎక్కువ.

రెండో మాట

మొదటిది పూర్తిగా కుదిరాకే. అప్పుడు నా "ఆయ్" కోరిక తీర్చుకున్నాను. ప్రశ్న "ఉన్నారా?", చేతి సైగ తలుపు తట్టినట్టు. కొన్నాళ్లు విడిగా ఆ ఒక్కటే అడిగి, తర్వాత రెండూ కలిపాను. "ఉన్నారా?" అంటే "కిట్టు" అనేవాడు. తప్పు అని కసరకూడదు, టిక్కు ఆపడమే శిక్ష. రెండూ కలిపిన మొదటి వారం లెక్క ఎనిమిది నుంచి నాలుగుకి పడిపోతుంది, కంగారు పడకండి. ప్రశ్నని వినడం వాడు మొదలుపెట్టేది అప్పుడే. అంతకుముందు మీరు నోరు తెరిస్తే చాలు తనకి వచ్చిన ఒక్కటీ అనేస్తున్నాడు.

వస్తువు పేరు నేర్పాలనుకుంటే గింజ ఇవ్వకండి, ఆ వస్తువే ఇవ్వండి. "జామ" అంటే జామముక్క. అలెక్స్‌కీ అంతే, ఏ పేరు చెబితే ఆ వస్తువే చేతికిచ్చేవారు.

చుట్టాల ముందు

కొత్త మొహం ముందు పిట్ట మూగనోము పట్టడం బెట్టు కాదు, భయం. గుంపులోకి కొత్తవాడొస్తే కూత ఆపి గమనించడం దాని ప్రాణరక్షణ. పండక్కి నెలముందు నుంచీ సాధన చేయండి. పక్కింటివాళ్లని పిలిచి, వాళ్లు దూరంగా ఊరికే కూర్చోగా మీరు అడగండి. రెండో రోజు ఇంకాస్త దగ్గరగా. తర్వాత వాళ్లు అడగాలి, టిక్కు మీది. ఆఖరికి అడగడం, టిక్కు, గింజ మూడూ వాళ్లవే. అలాగే హాల్లో వచ్చింది వరండాలో రాకపోవచ్చు, చోటు మారిన ప్రతిసారీ ఓ మెట్టు దిగి మొదలుపెట్టండి. చుట్టాలకి ఒకటే నియమం చెప్పండి, ఒకసారి అడిగి నోరు మూసుకోమని. కాస్త మర్యాదగా చెప్పండి.

ఉన్నట్టుండి మాట మానేస్తే ముందు నేలమీద చూడండి. ఈకలు రాలుతున్నాయంటే కొత్తవి మొలుస్తున్నాయి, ఆ రోజుల్లో పాఠం ఆపేయండి. ఈకలు ఉబ్బించుకుని పగలే నిద్రపోతూ, ఊపిరికి తోక పైకీ కిందకీ ఊగుతుంటే మాత్రం అది జబ్బు. పిట్టలు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి, రేపు చూద్దామనుకోకండి. పక్షుల్ని చూసే పశువైద్యుడు ఎవరో పిట్టని తెచ్చినరోజే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది గానీ, కోనసీమ లోపలి ఊళ్లనుంచి అంతదూరం మోసుకెళ్లేలోగా ఆలస్యమైపోతుంది.

కుక్కరు ఈల, టుడుంగ్ లాంటివి వదిలించాలంటే తిట్టకండి, తిట్టూ జీతమే. ఎవరూ కదలకపోతే మెల్లగా పలచబడతాయి. లేదంటే దాన్నే ప్రశ్నకి కట్టేయండి. "చేపలమ్మా" విషయంలో నేను చేసింది అదే. "ఏం తెచ్చావ్?" అంటేనే గింజ, ఉత్తినే అంటే లేదు. నెలరోజులకి అడగంది అనడం బాగా తగ్గించాడు. తగ్గించాడే గానీ మానలేదు, ఆ సంగతి మా అమ్మకి తెలుసు. మొన్న దసరా దాటాక, చీరమేను అనే సన్న చేపపిల్లలు వచ్చే రోజుల్లో, పొద్దున్నే "చేపలమ్మా... చేపలూ" అని వినపడింది. మా అమ్మ కుర్చీలోంచి కదల్లేదు. "అడక్కుండా అంటున్నాడు, ఎవరూ చూడకండి" అని మాకు కూడా సైగ చేసింది. చేపలమ్మాయి మూడుసార్లు పిలిచి పక్కవీధికి వెళ్లిపోయింది.